వెళ్ళని వాయిదా

జీతంలో పాతిక శాతం పట్టుకుని కోర్టుకి పంపమన్న ఆర్డర్‌ని మా ఆఫీసు హెచ్‌ఆర్ ఆవిడ నా ముందు పెట్టినప్పుడు, నేను అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు. "ఇది ఇమిగ్రేషన్ వాళ్ళకి వెళ్తుందా?" అన్నాను. ఆవిడ నన్ను వింతగా చూసి, ఇది సివిల్ కేసు, దీనికీ మీ వీసాకీ ఏం సంబంధం అంది. ఆ మాటకి ప్రాణం కుదుటపడాలి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో కొన్న ఇంటికి, నేల కింది బేస్‌మెంట్‌లో గోడలు వేయించి గదిలా ఫినిష్ చేయించాం. మొదటి పెద్ద వానకే కొత్త గోడ అడుగు నుంచి నీళ్ళు ఊరాయి. బాగుచేసేదాకా ఆఖరి చెక్ ఇవ్వనన్నాను. కాంట్రాక్టర్ బాగుచెయ్యలేదు సరికదా, నా మీదే కేసు వేశాడు. సమన్లు ఇంటికొచ్చాయి. నా దగ్గర తడిసిన గోడ ఫొటోలున్నాయి, వచ్చి చూస్తానని అతను పెట్టిన మెసేజీలున్నాయి. కోర్టుకి వెళ్ళుంటే గెలిచేదాన్నేమో.

వెళ్ళలేదు. అప్పటికి గ్రీన్ కార్డ్ ఫైల్ చేసి నాలుగు నెలలు. తెలిసినవాళ్ళింట్లో వ్రతానికి వెళ్తే, ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఒకాయన పులిహోర ప్లేటుతో నన్ను పక్కకి పిలిచారు. "కోర్టులో పేరు ఎక్కితే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో పడుతుంది చెల్లెమ్మా. రెస్పాండ్ చెయ్యకు. వాళ్ళే వదిలేస్తారు" అన్నారు. ఆఫీసులో ప్రోగ్రామ్ కోడ్‌లో ఒక్క లైన్ మార్చినా ఇద్దరి చేత చెక్ చేయించుకునే నేను, ఈ మాటని మాత్రం కళ్ళు మూసుకుని నమ్మాను. లాయర్‌ని అడుగుదామని మా ఆయన అంటే, "ఊరుకోండి, అదీ రికార్డే" అని కసిరాను.

వాయిదా రోజు ఆఫీసులో కూర్చుని మీటింగులు చూసుకున్నాను. నేను రాలేదు కాబట్టి కాంట్రాక్టర్ అడిగిందంతా ఇవ్వమని తీర్పొచ్చింది. ఆ కాగితాన్నీ దాచేశాను. దాంతో అతను నా జీతం మీదకే వచ్చాడు.

అంత కోత పడితే ఇంటి లోన్ కట్టాక పాప డేకేర్‌కి మిగలదు. ఎన్నిసార్లు లెక్కేసినా మిగల్లేదు. బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని. తీర్పు రద్దు చెయ్యమని పిటిషన్ వేశాను. "సమన్లు అసలు రాలేదని చెప్పు, కేసు మళ్ళీ ఓపెన్ చేస్తారు" అని ఒక స్నేహితురాలు దారి చూపించింది. కారులో కోర్టుకి వెళ్తూ ఆ ఒక్క వాక్యమే వల్లెవేశాను.

చెయ్యెత్తించి ప్రమాణం చేయించారు. సమన్లు అందాయా అని జడ్జి అడిగారు.

"అందాయి."

"మరెందుకు రాలేదు?"

"భయమేసింది" అన్నాను.

ఆయన నా ఫొటోలన్నీ నిదానంగా చూశారు. మీ వైపు న్యాయం ఉండొచ్చు, ఆ రోజు ఇదంతా వినడానికే నేనిక్కడ కూర్చున్నాను అన్నారు. భయం సరైన కారణం కాదని పిటిషన్ కొట్టేశారు.

బయట బెంచీ మీద కూలబడ్డాను. మా ఆయన పక్కనే కూర్చుని నా చేతిలోంచి ఫైలు తీసుకున్నారు. తిట్టినా బాగుండేది.