గునుగు పూలూ గిర్నీ బెల్టూ

ఉప్పల్‌లో మా కాలనీ వెనుకనున్న ఖాళీ జాగాకు ఉద్యానవనమని పేరు పెట్టినవారి ఔదార్యాన్ని నేనెన్నడూ శంకించలేదు. రెండు సిమెంటు బల్లలు, కొన్ని వేపచెట్లు, నడుమ కొంత పచ్చిక: అంతే ఆ వనవైభవం. సాయంవేళ మేము కొందరం విశ్రాంత ఉపాధ్యాయులం ఆ పచ్చికమీద చతికిలబడి ప్రబంధాలు చదువుకొనేవాళ్లం. శ్రోతలు లేని లోటును దోమలు తీర్చేవి.

నాచారంలో మూతపడిన ఒక కర్మాగారపు సామాను వేలం వేసినప్పుడు మా సంఘంవారు ఒక గడ్డికోత యంత్రాన్ని కొన్నారు. దానికి కరెంటు మోటారు, ఆ మోటారు బలాన్ని కత్తులకు అందించడానికి ఒక రబ్బరు బెల్టు. మెట్రో స్తంభాలకోసం ఉప్పల్ దారి పొడుగునా గోతులు తవ్వుతున్న ఆ వర్షాకాలంలో, మొదటి వానలకే ఆ బెల్టు తెగింది. గడ్డికి అదే అదనైంది. ఆగస్టు నాటికి బల్లమీద కూర్చున్నవారి పాదాలు కనిపించడం మానేశాయి.

మా సంఘం కార్యదర్శి బ్యాంకులో పనిచేసి విరమించిన మా గోదావరి జిల్లా పెద్దమనిషి. పచ్చదనంపట్ల ఆయనకు ఏదో పూర్వజన్మ వైరం. సమావేశంలో ఆయన లేచి, "మాస్టారూ, టైల్స్ పరిపించేద్దామండి. కొయ్యక్కర్లేదు, తడపక్కర్లేదు. ఓ చీపురుంటే చాలు" అన్నారు. దసరా నాటికి యంత్రం తిరగకపోతే పచ్చిక పెకలించి టైల్స్ వేయాలని తీర్మానమైంది. టైల్స్‌మీద కూర్చుని వసంతవర్ణన చదవడం నావల్ల కాదు. బెల్టు తెచ్చే పూచీ నాదేనన్నాను.

కంపెనీ డీలరు చెప్పిన ధర విన్న తరువాత, ఆ బెల్టును యంత్రానికి తగిలించడం కంటే మా ఆవిడ మెడలో వేయడమే న్యాయమనిపించింది. ఆమెతో ఆ మాటే అన్నాను. నల్లనిది తనకు నప్పదని, పైగా ఇన్నేళ్ల తరువాత రబ్బరు నగ తెచ్చినవారు లోకంలో ఇంకెవ్వరూ ఉండరని ఆమె తీర్పు చెప్పింది.

ఉప్పల్ చౌరస్తా దగ్గర మోటార్ల సామాను అమ్మే దుకాణానికి వెళ్లాను. పాత బెల్టు చూపించమన్నాడు యజమాని. దానిని నేను శుభ్రతాభిమానంతో ఏనాడో చెత్తబండికి సమర్పించాను. అది అప్పటికి జవహర్‌నగర్ చెత్తగుట్టల్లో ఏ పొరలో విశ్రమిస్తున్నదో తెలియదు. అయినా నేను ఉత్తచేతులతో వెళ్లలేదు. యంత్రంలో బెల్టు తిరిగే రెండు చక్రాల చుట్టూ మోచేయి ఆనించి, మా తాతగారు పంచెల చాపు కొలిచిన పద్ధతిలోనే కొలిచి వెళ్లాను. రెండు మూరల మీద బెత్తెడు కావాలని గంభీరంగా చెప్పాను.

ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశాడు. "మూరల లెక్కన అమ్మనీకి గిదేమన్న మల్లెపూల దండనా సారూ? మిషనే పట్టుకరా పో" అన్నాడు. పక్కనున్నవారు నవ్వారు. నాకూ నవ్వు వచ్చింది గాని, మూరకు పట్టిన గతికి లోలోపల కొంచెం నొచ్చుకున్నాను.

మరునాడు యంత్రాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, పడిపోకుండా కౌగిలించుకుని బయలుదేరాను. ఉప్పల్ దుకాణంలో దానికి సరిపడేది దొరకలేదు. నాచారంలో అడిగినచోటల్లా మల్లాపూర్ వెళ్లమన్నారు, మల్లాపూర్‌లో నాచారమే వెళ్లమన్నారు. తిరుగుదారిలో ఆటో మిరపకాయలు పట్టే ఒక మర ముందు, ఇక్కడివారి మాటలో కారం గిర్నీ ముందు ఆగింది. అక్కడ గోడమేకుకు ఒక బెల్టు వేలాడుతున్నది.

గిర్నీలో జోడు బెల్టులుంటాయట. ఒకటి తెగితే రెండోదాన్నీ తీసి పక్కన పెట్టి, కొత్త జోడే వేస్తారట. పాతదీ కొత్తదీ కలిసి లాగవట. జంటకవులలో ఒకరు పోతే రెండోవారు కొత్తవారితో పద్యం కట్టలేని స్థితి నాకు వెంటనే స్ఫురించింది. తుమ్ముతూనే ఆ విషయం యజమానికి చెప్పాను. ఆయనకు కవులతో పని లేదు. బెల్టును యంత్రానికి తగిలించి చూశాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది.

"తీస్కపో పంతులూ. ఏండ్లసంది మిరపకాయ దంచిన బెల్టు, నీ గడ్డి దీనికి ఏపాటిది?" అన్నాడు. ఆయన అడిగిన సొమ్ము ఆటో కిరాయికన్న తక్కువ.

దసరాకు ఇంకా కొన్ని రోజులు ఉండగానే విజయగర్వంతో యంత్రాన్ని పచ్చికలో నిలబెట్టి, కార్యదర్శిని సాక్షిగా పిలిపించాను. మీట నొక్కబోతుండగా వెనుక వీధిలో బట్టలు కుట్టే ఆవిడ, ఆమె వెంట మరికొందరు ఆడవాళ్లు గంపలతో వచ్చి యంత్రానికి అడ్డం నిలిచారు.

"జర ఆగుండ్రి సారూ. గునుగంత కోసి పారేస్తే బతుకమ్మ దేంతోని పేర్వాలె?" అన్నది ఆవిడ.

అప్పుడు చూశాను. మోకాలెత్తు గడ్డినిండా తెల్లని, గులాబిరంగు కుచ్చులు. కలుపని నేను తిట్టుకుంటున్నది గునుగు పూలట. వాటికోసం ఏటా ఊరి బయటికి పోయేవారట. ఈసారి ఇంటి వెనుకనే పూశాయని అందరూ సంబరపడుతున్నారట. బెల్టు తెగకపోతే వాటిని ఎప్పుడో తెగ్గోసి ఉండేవాళ్లం.

కార్యదర్శి ఊరుకోక, వచ్చే ఏడు ఇక్కడ టైల్స్ ఉంటాయని సెలవిచ్చారు. గంపలు కింద పెట్టి ఆ ఆడవాళ్లు ఆయనవైపు తిరిగారు. వాళ్లేమన్నారో అంతా రాయడం మర్యాద కాదు. టైల్స్‌మీద గునుగు మొలిపించి చూపించమన్నది మాత్రం వాటిలో మెత్తని మాట. ఆయన తీర్మానాన్ని అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నారు.

గునుగంతా గంపలకెక్కింది, పండుగ చివరినాటి సద్దుల బతుకమ్మ ముగిసింది. దసరానాడు యంత్రానికి పసుపు కుంకుమలద్ది ఆయుధపూజ చేశాం. టెంకాయ కొట్టే గౌరవాన్ని కార్యదర్శికే ఇచ్చి, మీట నేను నొక్కాను. బెల్టు తిరిగింది. దానిలో ఇంకిన ఏళ్లనాటి మిరపపొడి ఎర్రని మేఘమై లేచింది. కార్యదర్శి తుమ్మారు, నేను తుమ్మాను, బతుకమ్మ అమ్మలక్కలందరూ తుమ్మారు. యంత్రం ఒక్కటే తుమ్మకుండా, పచ్చికను నున్నగా గీస్తూ ముందుకు సాగింది.

ఆ సాయంత్రం మేము ప్రబంధం తెరిచాం. మొదటి పద్యం పూర్తికావడానికి చాలాసేపు పట్టింది. ప్రతి పాదానికీ ఎవరో ఒకరు తుమ్ముతున్నారు. దోమలు మాత్రం ఒక్కటీ రాలేదు.