శుక్రవారం గడప దాటని గొంతు

జగ్గయ్యపేటలో స్టీలు సామాన్ల కొట్టు చెన్నకేశవరావుకు లోకంలో ఒక్క తాళం మీదే నమ్మకం. కొట్టుకు తాళం, బీరువాకు తాళం, ఆఖరికి ఫ్రిజ్‌కు కూడా తాళం. కోడలు నీరజ నందిగామలోని పుట్టింటికి బయలుదేరితే, గుమ్మం దగ్గర బ్యాగు జిప్పు తీసి మామగారికి చూపించాకే బస్సెక్కాలి. పెళ్లై వచ్చిన నాటి నుంచీ ఇదే వరస. ఏనాడూ ఏమీ దొరకలేదు. దొరకనందుకైనా సిగ్గుపడాలి కదా, పడలేదు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అనేవాడు, కోడలు వినేలాగానే. ఆ నోటికి కూడా ఒక తాళం వేసి ఉంటే ఆ ఇల్లు ఎప్పుడో బాగుపడేది.

రెండువేల నాలుగులో కొడుకు లక్ష్మీకాంత్ ఇంట్లోకి కంప్యూటర్ కొన్నాడు. నీరజ దానికో మైకు తగిలించి, అత్తగారు బాలామణి చేత నలుగు పాటలు, అప్పగింతల పాటలు పాడించి అందులో దాచింది. బాలామణి పాడితేనే పెళ్లి పందిరి నిండినట్టుంటుందని పేటలో అందరూ అనేవారు, ఒక్క మొగుడు తప్ప. మరుసటి ఏడు ఆవిడ పోయింది. బతికుండగా ఒక్కనాడూ "బాగా పాడావే" అనని మనిషి, రోజూ దీపాలవేళకు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ గొంతు వింటూ వెక్కి వెక్కి ఏడ్చేవాడు. ఆ ఏడుపు మాత్రం నిజం. ఆ గొంతు ఇంకెక్కడా లేదు.

అందుకే కాపలా మొదలుపెట్టాడు. గదికి తాళం పడింది. కంప్యూటర్‌కు పాస్‌వర్డ్ పడింది. ఫోన్ లైన్ గుండా దొంగలు చొరబడతారని ఎవరో అంటే విని, నెట్ తీగ పీకించేశాడు. వైరస్‌ను పట్టే ప్రోగ్రాముకు ఎప్పటికప్పుడు కొత్త మందు ఆ నెట్‌లోంచే రావాలని నీరజ చెప్పబోతే, పిల్లకాకి సలహాలు తనకక్కర్లేదన్నాడు.

ఒక శుక్రవారం నీరజ తమ్ముడు భవానీప్రసాద్ వచ్చాడు. నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే షాపు అతనిది. కంప్యూటర్ అన్నాక ఎప్పుడైనా పాడవుతుందని, పాటలు సీడీలోకి ఎక్కించి ఒకటి తమ్ముడి దగ్గర ఉంచుదామని నీరజ మామగారిని బతిమాలింది.

"శుక్రవారం పూట ఈ ఇంట్లోంచి చిటికెడు ఉప్పు కూడా బయటికి పోదు. మీ అత్త గొంతు పుట్టింటికి చేరేస్తావా?"

రేపైనా ఇస్తారా అని అడిగితే, రేపటి సంగతి రేపన్నాడు. భవానీప్రసాద్ ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతని బ్యాగు కూడా తెరవక తప్పలేదు.

ఆ సాయంత్రమే చిల్లకల్లు నుంచి స్నేహితుడు వరప్రసాదరావు వచ్చి, ఎక్కడో ఊరికే దొరికిందని ఒక పంచాంగం సీడీ ఇచ్చాడు. శుక్రవారం ఇంట్లోంచి ఏదీ పోకూడదు గానీ, ఇంట్లోకి వస్తే లక్ష్మే కదా. చెన్నకేశవరావు దాన్ని కళ్లకద్దుకుని, స్వయంగా కంప్యూటర్‌లో పెట్టాడు.

మర్నాడు దీపాలవేళకు పాట నొక్కితే చప్పుడు లేదు. కబురందుకుని వచ్చిన భవానీప్రసాద్ చాలాసేపు చూశాడు. ఆ సీడీతో వచ్చిన వైరస్ పాటలన్నిటినీ తినేసిందన్నాడు. పేర్లు ఉన్నాయి, లోపల గొంతు లేదు. ఇక తెప్పించడం తన వల్ల కాదన్నాడు.

చెన్నకేశవరావు స్నేహితుణ్ని తిట్టాడు, కొడుకుని తిట్టాడు. తిట్టి తిట్టి, ఉన్నట్టుండి నీరజ గదిలోకి నడిచాడు. ఆమె బీరువా తెరిచి చీరలన్నీ కింద పడేశాడు. పరుపు ఎత్తి చూశాడు. ఇన్నేళ్లలో కోడలి సామాను ఎన్నిసార్లు వెతికాడో. ఏదైనా దొరికితే బాగుండునని దేవుడికి మొక్కుకుంటూ వెతకడం మాత్రం ఇదే మొదలు.

"అమ్మాయ్, నా కళ్లుగప్పి నువ్వు ఓ సీడీ తీసే ఉంటావు. దొంగతనం అనను. నీకు దణ్ణం పెడతా, ఇచ్చెయ్."

నీరజ కిందపడ్డ చీరలు ఒక్కొక్కటీ తీసి మడత పెట్టింది. తొందరపడలేదు.

"తియ్యలేదు మావయ్యగారూ. మీరు వద్దన్నారు, విన్నా."

అని, తలుపు వెనక ఉన్న బ్యాగు తెచ్చి, జిప్పు తీసి ఎప్పటిలాగే ఆయన ముందు పెట్టింది. ఆయన కింద కూర్చుని, బ్యాగులో చెయ్యి పెట్టి అడుగు దాకా వెతికాడు.