నెర్రెలో పడ్డ బంతి

ఆ కబురు మొదట తెచ్చినవాడు మంచిర్యాలలో ఉండే మా చిన్న మరిది. మొన్న నేను వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తుంటే గేటు దగ్గరే నిలబడి, "వదినె, మీ గోల్ఫ్ అక్క పోయిందట, హైదరాబాద్ దవాఖానల" అన్నాడు. అతన్ని లోపలికి రమ్మనడం కూడా మరిచిపోయాను.

ఆమె నా తోడబుట్టినది కాదు. మేము గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లలో ఉన్న రోజుల్లో ఆమెది ఆఫీసర్ల బంగళా, మా వారు గని ఆఫీసులో గుమస్తా. నేనేమో మంథనిలో మా నాన్నగారి ముందు కూర్చుని ఇంట్లోనే అక్షరాలు దిద్దుకున్నదాన్ని, బడి గడప తొక్కలేదు, నలుగురిలో నోరు తెరవాలంటే చెమటలు పట్టేవి. గుడిలో భజన దగ్గర పరిచయమైన ఆ అక్క ఒకరోజు మా ఇంటికే వచ్చి, "పొద్దంతా పొయ్యి ముందల కూసోని ఏం జేస్తవ్ చెల్లె, నాకు జోడీ లేదు, నడువ్" అని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. అలా నా చేతికి గోల్ఫ్ కర్ర వచ్చింది.

టీవీలో కనిపించే పచ్చటి మైదానం అనుకునేరు. మాది రేగడి నేల. బంతిని వేయాల్సిన గుంత చుట్టూ పచ్చికకు బదులు, ఇసుకలో వాడేసిన ఇంజను నూనె కలిపి చదును చేసేవారు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, మా వారి కాన్వాసు బూట్లు తొడుక్కుని, షిఫ్టు దిగి వచ్చే కార్మికులు సైకిళ్లు ఆపి మరీ చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. కర్ర ఎత్తిన ప్రతిసారీ పెదవుల మీదికి రామనామం వచ్చేది. "రామున్ని ఇంటికి పోయినంక సూద్దువు గాని, ముందుగాల బంతిని సూడు" అని అక్క నవ్వేది. అయినా, వంటింటి కిటికీలోంచి తప్ప ఆకాశం చూడని నాకు అంత ఆకాశాన్ని ఒక్కసారిగా ఇచ్చింది ఆమే. ఆ ఋణం కాదనను.

ఎండాకాలం వస్తే మైదానమంతా నెర్రెలు విచ్చేది. బంతి ఆ నెర్రెలో పడితే చేత్తో తీసి పక్కన పెట్టుకుని ఆడటం మా దగ్గర పద్ధతి, దానికి జరిమానా లేదు. అదీ నాకు అక్క నేర్పిందే. "నేల పగిలితే మన తప్పా ఏంది?" అనేది.

ఒక ఏడు కొత్తగూడెం నుంచి ఆడవాళ్లు పోటీకి వచ్చారు. అక్కా నేనూ ఒక జోడీ. ఆఖరి గుంత దగ్గర పోటీ సరిసమానంగా ఉండగా నా బంతి నెర్రెలో పడింది, నేను అలవాటుగా వంగి తీశాను. వచ్చినవాళ్లలో ఒకామె, అక్క భర్త బదిలీ ఎవరి చేతిలో ఉందో ఆ పెద్ద ఆఫీసరు భార్య, "ఇదేంది, బంతిని చేత్తో తీస్తున్నరు?" అంది. నాకు భయమేమీ వేయలేదు. అక్క ఉంది కదా, చెబుతుంది కదా అని నవ్వుతూ ఆమె వైపు తిరిగాను.

అక్క చీర కొంగు సర్దుకుంది. "ఏమో మేడం, మా దగ్గర గసొంటి పద్ధతేం లేదు. ఈమెకు కొత్త" అంది.

పోటీ ఓడిపోయినందుకు కాదు నా బాధ. ఆ మాట తర్వాత అక్కడున్న ఒక్కరూ నా కళ్లలోకి చూడలేదు. అబద్ధం ఆడకూడదన్న మాట తప్ప మా నాన్నగారు నాకు ఇంకే ఆస్తీ ఇవ్వలేదు, అది నా చేతుల్లోంచి అందరి ముందూ జారిపోయింది. ఆ తర్వాత గుడిలో ప్రసాదం పంచుతుంటే ఎవరో వెనకనుంచి, "సూసి వెట్టున్రి, ఈమె చెయ్యి జర జల్ది" అన్నారు. కిసుక్కుమని నవ్వులు. అక్క ఆ వరుసలోనే ఉంది, వినబడనట్టు గంట వైపు చూస్తూ నిలబడింది. ఇంకో వారానికి మైదానం పక్కగా బజారుకు పోతూ చూశాను, ఆమె వంగి నెర్రెలోంచి బంతి తీసి పక్కన పెట్టుకుంటోంది. నేను మళ్లీ కర్ర పట్టలేదు.

వాళ్లకు కోరుకున్న చోటికే బదిలీ అయింది. పోయేముందు బొట్టు పెట్టించుకోవడానికి మా ఇంటికి వచ్చి, లారీవాళ్ల గురించి, గాజుసామాను గురించి, అక్కడి నీళ్ల గురించి ఎంతసేపో మాట్లాడింది. ఒక్క మాట కోసం నేను కుంకుమ భరిణె పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. ఆ మాట రాలేదు.

ఇప్పుడు ఆ మైదానం లేదు. ఓపెన్‌కాస్టు గని వచ్చి అక్కడ గొయ్యి అయింది, తవ్విన మట్టి పక్కనే గుట్టై కూర్చుంది. ఆ రోజు ఆడినవాళ్లలో ఎవరు ఎక్కడున్నారో తెలియదు. నా మాట నిజమని చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది, ఆమె కూడా వెళ్లిపోయింది.

సంధ్యవేళ దీపం పెట్టి, నాకు మేలు చేసిన వాళ్లందరినీ పేరు పేరునా తలుచుకోవడం నా అలవాటు. మొన్నటి నుంచి ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు పెగలడం లేదు. మీలో దీపం పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే, నాకు ఆకాశం చూపించిన ఆ అక్కను ఒక్కసారి తలుచుకోండి, నాకు చేతనయ్యేదాకా.