అత్త ఫోటోకు పైవైపు ఏది?

మా మేనత్త పోయిందని నాందేడ్ నుంచి మామ ఫోన్ చేశాడు. ఏడవలేదు. "దినాలకు ఫోటో కావాలె బిడ్డా. దాని ఫోన్ల అన్ని ఉన్నయి, దాని మొఖమే లేదు. జల్ది రా," అన్నాడు. నాకూ ఏడుపు రాలేదు, కంగారు పట్టుకుంది. ఆ కంగారు ఇంకా దిగలేదు.

అత్త మొదట బొంతలు కుట్టేది. పాత చీరల ముక్కలు నేల మీద పరిచి, సూది పట్టకముందే చుట్టూ తిరిగేది. "పండుకునేటోళ్లు ఎటు తల పెడ్తరో ఏం ఎరుక? ఎటుకెళ్లి జూసినా మంచిగుండాలె," అనేది. బొంతలకు పేరొచ్చే వేళకు వాటిని వదిలేసి, రంగు అద్దాలు కోసి కిటికీలకు అతకడం మొదలుపెట్టింది.

"నీకు ఒక్క పని మీద కుదురుండదా ఏందే?" అని మామ విసుక్కునేవాడు.

"సచ్చినంక కుదురుగనే ఉంట తియ్యి," అనేది.

తర్వాత చేతులు వణకసాగాయి. అద్దానికి బదులు వేళ్లు తెగాయి. డాక్టరు ఆ పని వద్దన్నాక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఒకరోజు మిగిలిన అద్దం ముక్కను ఫోన్ కెమెరాకు అడ్డం పెట్టి గోదావరిని తీసింది. చెయ్యి వణికి నీళ్లూ ఎండా కలగలిసి ఒట్టి రంగులయ్యాయి. ఎంత మురిసిపోయిందో! ఇక అన్నీ అలాగే తీసింది.

"ఫోటో అంటివి, మనిషేది?" అన్నాడు మామ.

"తీసింది మనిషే గదా!"

నేనిప్పుడు ఏది చూసినా పక్కకు జరిగి మరోసారి చూస్తానంటే అది అత్త చలవే. పోయిన పండక్కి నాతో ఒట్టు వేయించుకుంది: తను పోయాక దండ తన మొఖానికి కాదు, ఆ గోదావరి ఫోటోకు వెయ్యాలి.

"నలుగురు నవ్వుతరు," అని మామ మొండికేశాడు. అత్త పాత రైల్వే పాసు మీది ఫోటో పెద్దది చేయిస్తానన్నాడు. పోట్లాడి నేనే గోదావరిని ఫ్రేము కట్టించాను. "వర్చీ బాజూ కుఠ్లీ?" అని స్టూడియో అతను మరాఠీలో పైవైపు ఏదని అడిగితే, మీరే చెప్పండి, నాకేం తెలుసు? తోచినట్టు చూపించాను.

దినాలనాడు వచ్చినవాళ్లంతా "ఆమె ఫోటో ఏదీ?" అన్నారు. మామ తల ఎత్తలేదు. అత్త మాట నిలబెట్టి మామను నలుగురిలో చిన్నబుచ్చానని నా ప్రాణం ఉసూరుమంది.

అందరూ వెళ్లాక మామ దండ తీశాడు, ఫ్రేము దించాడు. ఇక అటకెక్కిస్తాడనుకున్నాను. నేల మీద పరిచాడు. చెప్పులు విడిచి, దాని చుట్టూ మెల్లగా తిరగడం మొదలుపెట్టాడు.