ముక్కల మాస్టారు

నీటి సరఫరా కార్యాలయంలో మెట్ల కింద ఒక గది ఉంది. ఆ గదికి కిటికీ లేదు కాబట్టి అందులో కంప్యూటర్ పెట్టారు. కంప్యూటర్ పెట్టారు కాబట్టి ఏసీ పెట్టారు. ఏసీ ఉంది కాబట్టి ఆ గదిలో మనిషి సుఖపడిపోతున్నాడని మిగతా కార్యాలయమంతా ఏకగ్రీవంగా తీర్మానించుకుంది. ఆ మనిషి ఊరి నీళ్ళ పైపుల పటం గీసేవారు. ఉద్యోగం పేరు డ్రాఫ్ట్స్‌మన్. అది జీతం చీటీ మీద తప్ప మరెక్కడా కనపడదు. పిలిచేవాళ్ళందరికీ ఆయన ముక్కల మాస్టారు.

ఈ బిరుదు సభ పెట్టి ఎవరూ ఇవ్వలేదు. ఆయన బావ ఒక గుంటలో నిలబడి ఇచ్చాడు.

బావ అంటే మాస్టారి అక్క మొగుడు. అదే కార్యాలయంలో పెద్ద ఫిట్టరు. పైపు పగిలిన చోట రోడ్డు తవ్వించి, నడుంలోతు బురదనీళ్ళలోకి దిగి పని చూసుకునే మనిషి. పదకొండేళ్ళ కిందట, కాగితాల మీది పటాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిన కొత్తలో, మాస్టారు ఉత్సాహం ఆపుకోలేక మొత్తం పటాన్ని బావ ఫోనుకి పంపించారు. రెండు నిమిషాల్లో ఫోను మోగింది.

"ఒరే బామ్మర్దీ, నేను దిగింది ఒక్క గుంటలోరా. నువ్వు పంపింది ఊరు ఊరంతా. ఇందులో నా గుంట ఎక్కడుందో వెతుక్కునేసరికి నేను చేపనైపోతాను. ఇక్కడివరకూ ఒక ముక్క కోసి పంపు!"

మాస్టారు తెరంతా గాలించారు. పై మూల కత్తెర బొమ్మతో చిన్న మీట ఒకటి కనపడింది. కావలసిన చోట మౌసుతో గడి గీసి ఆ మీట నొక్కితే, ఆ మేరకు పటం మామూలు ఫోటోలా బయటికి వచ్చింది. నీలం గీతలు పైపులు, ఎర్ర చుక్కలు వాల్వులు. ఒక్కో వాల్వు పక్కన దాని నంబరు, ఎంత లోతున ఉంది, ఏ గోడకి ఎన్ని అడుగుల దూరం, అన్నీ దాని మీదే. ఎంత నాసిరకం ఫోనులోనైనా తెరుచుకునేది. పాస్‌వర్డు అడిగేది కాదు.

ఆ రోజునుంచి దాని పేరు ముక్క. కత్తెర మీట పేరు ముక్క మీట. "ముక్క పంపండి మాస్టారూ" అన్నది ఆ శాఖలో నమస్కారం కన్నా ఎక్కువగా వినపడే మాట. రోజుకి పాతిక ముప్పై ముక్కలు పోయేవి. "నాలుగు ముక్కలు చదువుకున్న మనిషని చేసుకున్నాను, రోజుకి ముప్పై ముక్కలు కోస్తారని ఎవరు అనుకున్నారు?" అనేది ఆయన భార్య.

మాస్టారికి ఇంతకుమించిన ప్రతిష్ఠ లేదు. పదోన్నతి రెండుసార్లు ఆయన గుమ్మందాకా వచ్చి, అడ్రసు కనుక్కుని పక్కింటికి వెళ్ళిపోయింది. కానీ ఊళ్ళో ఎక్కడ పైపు పగిలినా మొదట మోగేది ఆయన ఫోనే. పని అయ్యాక బావ ఫోను చేసి "ఆగింది" అని ఒక్క మాట అని పెట్టేసేవాడు. ఆ ఒక్క మాట మీద మాస్టారు పదకొండేళ్ళు తల ఎత్తుకు తిరిగారు.

ఒక సోమవారం పొద్దున కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. వచ్చింది అనకూడదు, వేంచేసింది. మేడ మీద సమావేశం, టీ, బిస్కెట్లు, కంపెనీ మనిషి ఉపన్యాసం. "పాతదాంట్లో నలభై రెండు సౌకర్యాలుండేవి. ఇందులో నూట పది!" అన్నాడాయన. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా కొట్టారు. ఆ పాపం తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

కిందికొచ్చి చూస్తే మీట లేదు. కత్తెర ఉండాల్సిన చోట ముగ్గురు మనుషుల తలకాయలు కలిపిన బొమ్మ ఉంది. నొక్కితే 'మీ సహోద్యోగిని ఆహ్వానించండి' అంది. ఆ సహోద్యోగికి ఆఫీసు ఈమెయిలు ఉండాలి, పాస్‌వర్డు ఉండాలి, అది మూణ్ణెల్లకోసారి మారుతుండాలి. ఫిట్టర్లు పన్నెండు మంది. వాళ్ళలో ఈమెయిలు ఉన్నవాడు ఒక్కడు. అదీ వాళ్ళావిడ అధీనంలో ఉంది.

పదకొండున్నరకి ఫోను మోగింది.

"బామ్మర్దీ, స్కూలు వెనక సందు. ముక్క పంపు."

"ముక్క లేదు బావా."

"లేకపోవడమేంటి, అయిపోయిందా?"

"మీట తీసేశారు. కొత్త సాఫ్ట్‌వేరు."

"సాఫ్టో హార్డో నాకు తెలీదు. నీళ్ళు మోకాలు దాటాయి. ఏదో ఒకటి పంపరా బాబూ!"

మాస్టారు తన ఫోనుతో తెరకి ఫోటో తీసి పంపారు. మళ్ళీ మోగింది.

"చుక్కలు పంపావు సరే, నంబర్లేవీ?"

నంబర్లు లేవు. కొత్త సాఫ్ట్‌వేరుకి అందం మీద పట్టింపు ఎక్కువ. తెర నిండా అంకెలుంటే చూడ్డానికి బాగుండదని వాటిని దాచేసింది. చుక్క మీద మౌసు పెడితే ఆ ఒక్కదాని నంబరూ చెబుతుంది; మౌసు తీయగానే నాలిక్కరుచుకుని మళ్ళీ దాచేస్తుంది. చేసేది లేక మాస్టారు ఒక్కో వాల్వూ ఫోనులో చదివి వినిపించారు.

"నీ ఎడం పక్క గోడకి నాలుగడుగుల్లో..."

"నా ఎడమెటో నీకెలా తెలుసురా? నేనెటు తిరిగి నిలబడ్డానో నీకు కనపడుతోందా?"

ధార ఆగేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా ఒక ముసలాయన కూర్చున్న ప్లాస్టిక్ కుర్చీ, ఆయన లేచిన మరుక్షణం సందు చివరిదాకా ప్రయాణించిందట.

మర్నాటినుంచి మాస్టారు పెన్సిలు పట్టారు. స్టోర్సు వాళ్ళు ఎందుకో ఆ మధ్య ఒక బస్తా చిత్తుకాగితాలు గది ముందు దింపి, సంతకం పెట్టించుకుని పోయారు. వాటి వెనకవైపు స్కేలు పెట్టి పైపులు గీసి, చుక్కచుక్క మీదా మౌసు పెట్టి నంబర్లు ఎక్కించి, ఫోటో తీసి పంపేవారు. గీత గీతలా, అంకె అంకెలా ఉండేది. ఒక్కోదానికి నలభై నిమిషాలు. పగిలిన పైపుకి చేతిరాత మీద గౌరవం లేదు, అది తన పాటికి తాను పారుతూనే ఉండేది.

ఫిట్టర్లు మొదట ఓపిక పట్టారు, తర్వాత తిట్టడం మొదలుపెట్టారు. మాస్టారిని కాదు, మీట తీయించినవాణ్ణి. మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర రోజూ అదే కార్యక్రమం.

"వాడెవడో గానీ, ఒళ్ళంతా సబ్బు రాసుకున్నాక వాడి కుళాయి ఆగిపోవాలి," అన్నాడు బావ.

"అంతేనా? తువ్వాలు కూడా బయటే మర్చిపోవాలి," అన్నారు మాస్టారు.

"ఆహా! చదువుకున్నవాడి తిట్టంటే అదిరా! విని నేర్చుకోండి!" అన్నాడు బావ ఫిట్టర్ల వైపు తిరిగి.

"ఆ సమయానికి ఇంటికి అత్తగారు రావాలి," అని మాస్టారు ముక్తాయింపు ఇచ్చారు.

బల్ల బల్లంతా పడీ పడీ నవ్వింది. ఆరు వారాలపాటు మాస్టారు రోజుకో శాపం కట్టి పట్టుకొచ్చారు. గీసి పంపే బొమ్మ ఆలస్యమైనా తిట్టు వేళకి అందేది. సర్వీసు మొత్తంలో ఆయనకి ఇంత జనాదరణ ఎన్నడూ లేదు.

మధ్యలో రెండో అంతస్తులో ఉన్న మేడమ్‌కి మూడు అర్జీలు పెట్టుకున్నారు. కొత్త సాఫ్ట్‌వేరు వ్యవహారమంతా ఆవిడదే. జవాబు రాకపోయేసరికి నాలుగోసారి తనే మెట్లెక్కారు.

"కూర్చోండి మాస్టారూ," అని ఆవిడ ఫైలులోంచి ఒక కాగితం తీశారు. "ఇది మీ సంతకమేనా?"

సంతకం ఆయనదే. కొత్త సాఫ్ట్‌వేరు రాకముందు నింపి ఇచ్చిన కాగితం. కాగితం పైన అచ్చులో ఇలా ఉంది: 'మీ విభాగము వాడుచున్న సౌకర్యముల పేర్లు వ్రాయుడు. వ్రాయనివి అనవసరమైనవిగా భావించి తొలగించబడును.' దాని కింద జాబితాలో అన్నిటికన్నా ముందు, అడుగున రెండు గీతలు గీసి మరీ, మాస్టారి గుండ్రటి చేతిరాత: 'ముక్క. రోజూ వాడతాము. అత్యవసరం.'

పక్కన కమిటీవారి ఎర్రసిరా: 'ముక్క అను సౌకర్యము ఈ సాఫ్ట్‌వేరునందు లేదు. చిత్తుకాగితముల గురించి కావచ్చును. స్టోర్సుకు పంపవలెను.'

బస్తా ఎందుకొచ్చిందో మాస్టారికి అర్థమైంది. ఆరు వారాలుగా తను గీస్తున్నది కమిటీవారు దయతో మంజూరు చేసిన ముక్కల మీదే.

"మరి దాని అసలు పేరేంటి మేడమ్?"

"'ఎంపిక చేసిన భాగమును చిత్రముగా ఎగుమతి చేయుట.' మీట మీద మౌసు రెండు క్షణాలు ఆపితే పేరు కనపడేదట."

పదకొండేళ్ళలో మాస్టారు ఆ మీట మీద రెండు క్షణాలు ఆగింది లేదు. అవతల ఎప్పుడూ గుంటలో మనిషి ఉండేవాడు.

"మళ్ళీ పెట్టించడానికి..."

"అడిగాను. వాడేవాళ్ళు లేరని మనమే రాసిచ్చాం అంటున్నారు కంపెనీవాళ్ళు. మూడేళ్ళ తర్వాత కొత్త వెర్షన్‌లో చూస్తారట."

మాస్టారి పదవీ విరమణకి రెండేళ్ళుంది. లేచి నిలబడ్డారు.

"ఈ కాగితం ఎవరికీ చూపించనులెండి," అన్నారు మేడమ్ మెత్తగా.

ఆదివారం అక్కా బావా భోజనానికి వచ్చారు. చేతులు కడుక్కుంటూనే బావ అందుకున్నాడు.

"మేడమ్ దగ్గరికెళ్ళావటగా. ఎవడట ఆ మహానుభావుడు?"

చెప్పాల్సిన క్షణం అదే. ముక్క అని రాశాను బావా అంటే బావ కంచం ముందు దొర్లి దొర్లి నవ్వేవాడు. కానీ మాస్టారి కళ్ళ ముందు సబ్బు, తువ్వాలు, అత్తగారు, ఆరు వారాల స్వీయ రచనలన్నీ వరసకట్టి నిలబడ్డాయి.

"కమిటీ," అన్నారు.

"కమిటీ అంటే మనిషి కాదుగా. సంతకం ఎవరిది?"

మాస్టారు గ్లాసు ఎత్తి నీళ్ళు తాగారు. మొత్తం తాగారు.

"కూరలో ఉప్పెక్కువైందా ఏంటి?" అంది భార్య.

"మేడమ్‌దే అనుకుంటా," అన్నారు మాస్టారు, గ్లాసుకి చెబుతున్నట్టు. చివర 'అనుకుంటా' అని తోక తగిలిస్తే అబద్ధం సగానికి సగం తగ్గుతుందని ఆయన లెక్క.

"అలాగా," అన్నాడు బావ.

సోమవారం పొద్దున బావ మిగతా పదకొండు మందినీ వెంటబెట్టుకుని రెండో అంతస్తు ఎక్కాడు. మేడమ్ గదిలో ఆయన మాట్లాడింది కింది అంతస్తుకి వినపడింది. ఏసీ గదుల్లో కూర్చుని సంతకాలు పెట్టేవాళ్ళు ఒక్కసారి గుంటలో దిగి చూడాలన్నాడు. ఆవేశంలో సబ్బు సంగతి కూడా చెప్పేశాడు, తువ్వాలు సహా. ఆవిడ చివరిదాకా విని, కాగితం తీసి బల్ల మీద పెట్టారు. ముక్క అన్న మాట పక్కన దాని అసలు పేరు పెన్సిలుతో రాసి పెట్టుకున్నారు. కింద సంతకం వెతకాల్సిన పని లేకపోయింది. పన్నెండు మందికీ ఆ చేతిరాత బాగా తెలుసు, ఆరు వారాలుగా వాళ్ళు చదువుతున్నది అదే.

బావ మెట్ల కింది గదిలోకి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

"ముక్క అని రాశావా?"

"రాశాను బావా."

"ఆ పేరు పెట్టింది నేనురా. చెప్పుంటే తిట్లలో సగం నా వాటాగా పుచ్చుకునేవాణ్ణి, ఇద్దరం నవ్వుకునేవాళ్ళం." కుర్చీ ఉన్నా కూర్చోలేదు. "ఆవిడది మా పిల్ల వయసు. కాగితం చూపించి కూడా ఒక్క మాట అనలేదు. పదకొండు మంది ముందు చేతులు జోడించి, తప్పయిందమ్మా అని వచ్చాను."

"ఆదివారమే చెబుదామనుకున్నాను..."

"నీళ్ళు తాగావు," అని బావ తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మాస్టారి ఫోనుకి విశ్రాంతి దొరికింది. ఫిట్టర్లు తమ ఫోనుల్లో మిగిలిన పాత ముక్కల్ని వెతికి తీసి, ఒకరికొకరు పంచుకున్నారు. వాటిలో కొత్తగా వేసిన పైపులు ఉండవు. లేనిచోట రెండు గుంటలు ఎక్కువ తవ్వారు. మాస్టారు మాత్రం కొత్త పైపుల్ని ఏ రోజువి ఆ రోజు పటంలోకి ఎక్కిస్తూనే ఉన్నారు. తెర మీద అది అద్దంలా ఉంది. చూసేవాళ్ళెవరూ లేరు. భోజనాల బల్ల దగ్గర ఆయన రాగానే ఫిట్టర్లు మర్యాదగా జరిగి చోటిచ్చేవారు. బల్ల మీద మాత్రం మాట ఉండేది కాదు. నాలుగో రోజునుంచి ఆయన డబ్బా గదిలోనే తెరుచుకోవడం మొదలుపెట్టారు.

మూడు వారాలకి ఫోను మోగింది.

"నమస్కారమండీ. ఫిట్టర్ల విభాగం నుంచి మాట్లాడుతున్నాను."

"బావా?"

"కొత్త కాలనీ మూడో వీధిలో పైపు పగిలిందండీ. మా దగ్గర పాతది లేదు. ఎంపిక చేసిన భాగం తాలూకు చిత్రం ఒకటి, మీకు వీలైతే పంపించగలరు."

వెనక నీళ్ళ హోరు వినపడుతోంది.

"ఇదిగో, ఇప్పుడే గీస్తున్నాను బావా. నీళ్ళు ఎంతవరకు వచ్చాయి? నువ్వు గుంటలోనే ఉన్నావా?"

"తొందరేం లేదండీ. మీ వీలు చూసుకునే పంపండి," అని అవతల ఫోను పెట్టేశారు.

మాస్టారు గీశారు. కాగితం ఒకసారి చిరిగితే ఇంకోటి తీసుకున్నారు. ప్రతి నంబరూ రెండుసార్లు సరిచూసి, ముప్పై మూడు నిమిషాల్లో ఫోటో పంపి, ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నారు. కాసేపటికి జవాబు వచ్చింది.

'అందినది. ఇట్లు, పెద్ద ఫిట్టరు.'