బ్రేకక్క కారుకు గాలి లెక్క తప్పిన వైనం

డ్రైవింగ్ నేర్పే ఆవిడను ఆ వీధిలో అందరూ బ్రేకక్క అంటారు. ఆవిడ కారులో పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కంగారుపడి కారును ఏ గోడ మీదికో పోనిస్తే, ఆవిడ కాలు తాపీగా ఆ బ్రేకు మీద పడుతుంది. నోరు మాత్రం అంత తాపీ కాదు. "అది స్టీరింగా, ఎద్దు కొమ్ములా? అంత గట్టిగా పట్టుకున్నావెందుకు?" అంటే నేర్చుకునేవాళ్లకు చెమటలు పట్టేవి. అయినా ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడ చేయి పడితే లైసెన్సు వచ్చి తీరుతుందని పేరు.

భర్తకు వీధి చివర సెలూన్ ఉంది. ఆయనకు ఆ కారంటే ప్రాణం. ఆదివారం వస్తే చాలు, కడగడం, తుడవడం, బానెట్ ఎత్తి లోపల తొంగిచూడడం. ఎవరో చెప్పారని, ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని వడకట్టే కాగితం ఫిల్టర్ తీసేసి, కడిగి వాడుకునే ఫిల్టర్ తెచ్చి పెట్టాడు. కడిగి ఆరబెట్టాక దానికి కాస్త నూనె పట్టించాలి. ఆ పని ఆయన ఎంతో మురిపెంగా చేసేవాడు.

కొన్నాళ్లకు కారు ఆగిపోవడం మొదలైంది. సిగ్నల్ దగ్గర నిలబెడితే గుడుగుడుమని వణికి ఆరిపోయేది. మళ్లీ కదిలిస్తే ఎక్కిళ్లు వచ్చినట్టు కుదిపేది. బ్రేకక్క మాత్రం నేర్చుకునేవాళ్లదే తప్పనుకుంది. "క్లచ్ అలా వదిలేస్తే ఆగిపోక ఏం చేస్తుంది?" అని ఒక్కొక్కరినీ కడిగేసేది. ఒక దర్జీ అయితే, ఈ జన్మకి తనకు కుట్టుమిషను చాలని చెప్పి మానేశాడు.

ఆడపిల్లల హాస్టల్లో వంటచేసే ఆవిడ మాత్రం పట్టు వదల్లేదు. ఆ రోజు పోస్టాఫీసు ముందున్న సిగ్నల్ దగ్గర ఆవిడ చేతిలో కారు మూడోసారి ఆగిపోయింది. వెనక నుంచి హారన్లు. వంటావిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నావల్ల కాదక్కా. నా కాళ్లు గరిటెలకే పనికొస్తాయి."

"కాళ్లతో గరిటె తిప్పుతావా ఏంటి? దిగు, నేను చూపిస్తా."

ఇద్దరూ సీట్లు మారారు. బ్రేకక్క దర్జాగా స్టార్ట్ చేసి, గేరు వేసి, పూలు తుంచినంత సుతారంగా క్లచ్ వదిలింది. కారు రెండుసార్లు ఎగిరి, దగ్గి, ఆగిపోయింది. మళ్లీ చేసింది. మళ్లీ ఆగింది.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత వంటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. "ఇందాక ఆపింది నేనేనా అక్కా, ఈ కారే ఆగిందా?" అని పొట్ట పట్టుకుంది. బ్రేకక్క మొహం కందగడ్డలా అయింది. ఆ వెంటనే ఆవిడా పగలబడి నవ్వింది. వెనక హారన్లు వాటి పని అవి చేస్తూనే ఉన్నాయి.

ఎలాగో మెకానిక్ షెడ్డు దాకా తీసుకెళ్లారు. మెకానిక్‌ది నున్నటి బట్టతల. బ్రేకక్కను అక్కా అని, ఆవిడ భర్తను బావా అని పిలుస్తాడు. ఇంజిన్ స్టార్ట్ చేయించి చెవి వొగ్గి విన్నాడు. తర్వాత ఆపి, ఫిల్టర్ పక్కన గాలి గొట్టం మీదున్న చిన్న ప్లగ్గు ఊడదీసి మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక లైటు వెలిగింది గానీ, ఇంజిన్ ఇందాకటికంటే నిలకడగా నడిచింది.

"దొరికింది. గాలి కొలిచే ఈ సెన్సర్ తప్పు లెక్కలు చెబుతోంది. అందుకే దీని మాట వినకపోతేనే ఇంజిన్ కుదురుగా ఉంది" అన్నాడు. ఇంజిన్ ఆపించి, సెన్సర్‌ను జాగ్రత్తగా ఊడదీసి చూపించాడు. "లోపల సన్నటి తీగ కనపడుతోందా అక్కా? కరెంటుతో ఇది వేడిగా ఉంటుంది. పక్కనుంచి వెళ్లే గాలి దీన్ని చల్లారుస్తుంది. మళ్లీ వేడెక్కడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి, ఎంత గాలి వెళ్లిందో కారు కంప్యూటర్ లెక్కగడుతుంది. దానికి తగినంత పెట్రోలు పోస్తుంది."

"పిండి ఎంతో తెలిస్తేగా నీళ్లెన్నో తెలిసేది" అంది వంటావిడ.

"అదే వదినా! ఇప్పుడు ఈ తీగ నిండా జిడ్డు, దాని మీద దుమ్ము. పిండి కొలిచేవాడి కళ్లకు గంతలు కట్టినట్టైంది."

ఇంతలో కబురందుకుని భర్త వచ్చాడు. ఫిల్టర్ తీసి చూస్తే చేతికి నూనె కారింది.

"ఇదేంటి బావా, నా తలకు రాయాల్సింది కూడా దీనికే రాసేశావా?"

"మెరవాలని కాస్త ఎక్కువ పట్టించానయ్యా" అన్నాడు ఆయన నసుగుతూ.

"మీరు మర్దనా కూడా చేసే ఉంటారు" అంది బ్రేకక్క.

తీగను తుడుద్దామని భర్త గుడ్డ తీశాడు. మెకానిక్ చేయి పట్టుకుని ఆపాడు. గుడ్డ, బ్రష్షు తగిలితే తీగ తెగుతుందట. శుభ్రం చేసే ఇంకే మందూ పనికిరాదట, ఆ సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే కావాలట. దాన్ని దూరంనుంచి కొట్టి, పూర్తిగా ఆరనిచ్చాడు. అంతసేపూ అందరూ టీ తాగుతూ భర్తను ఆటపట్టించారు. ఆరాక, సెన్సర్ మీది బాణం గుర్తు గాలి వెళ్లే వైపు ఉండేలా చూసి బిగించి, కొత్త కాగితం ఫిల్టర్ వేశాడు. స్టార్ట్ చేస్తే ఇంజిన్ వణుకు పోయి, తిన్నగా నడిచింది.

మర్నాడే బ్రేకక్క దర్జీ దుకాణానికి వెళ్లింది. "తప్పు కారుది. నేనే నోరు పారేసుకున్నాను. రేపటినుంచి రా" అంది. దర్జీ వచ్చాడు. మొదటి మలుపులోనే కారు ఆగిపోతే ఆశగా ఆవిడ వైపు చూశాడు. "అలా చూడకు, ఈసారి ఆపింది నువ్వే" అంది.

అప్పటినుంచి కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటి పాఠం బానెట్ ఎత్తే చెబుతోంది. ఫిల్టర్ మార్చినప్పుడల్లా సెన్సర్ ఓసారి చూసుకోమంటుంది. భర్తను బానెట్ ముట్టుకోనివ్వదు, కడగడానికి అద్దాలు మాత్రం వదిలేసింది.

వంటావిడకు లైసెన్సు వచ్చింది. ఇప్పుడు హాస్టల్ వ్యాన్ తోలుకుని కూరగాయలకు ఆవిడే వెళుతోంది. మొదటి రోజు దారి పొడుగునా పాడుకుంటూ వెళ్లి, ఆ సంబరంలో ఉల్లిపాయలు మరిచిపోయి వచ్చేసిందట. మళ్లీ వెళ్లాల్సి వచ్చిందని ఎవరో జాలిపడితే, "అబ్బే, రెండోసారి అల్లం కూడా మరిచిపోతే బాగుండేది, ఇంకోసారి తోలేదాన్ని" అందట.