రెండోసారి అలికిన ఇల్లు

సోములమ్మ కేసు నా దగ్గరికి 1998లో వచ్చింది. చింతపల్లి పైన కొండ గూడెంలో ఒక్కతే ఉండేది. మొగుడు పోయి పదేళ్లయినా రాగులు, మిరియాలు తానే పండించుకునేది. నేను పాడేరులో వకీలుని.

ఆ చైత్రంలో ఇటుకల పండగ నాడు గూడెం మగాళ్లంతా వేటకు అడవికెళ్లారు. అది కనిపెట్టి, సంతల్లో మిరియాలు కొనే వరహాలరావు పట్టపగలే ఆమె ఇంట్లో దూరి బస్తా భుజానికెత్తుకున్నాడు. ఏటి నుంచి నీళ్లు మోసుకొచ్చిన సోములమ్మ రోకలి అందుకుని ఒక్కటిచ్చింది. తల పగిలి, బస్తా వదిలేసి, పడుతూ లేస్తూ పారిపోయాడు. సిగ్గులేని వెధవ, వీధిన పోతుంటే కొట్టిందని తానే ముందుగా రిపోర్టిచ్చాడు.

పోలీసులొచ్చేసరికి ఇంట్లో నెత్తురు చుక్క లేదు. ఈ మహాతల్లి పేడతో శుభ్రంగా అలికేసింది. కేసు ఆమె మీదికే తిరిగింది.

"ఇంట్లో దూరిన దొంగను ఆపడానికి అవసరమైనంత మేరకు కొట్టే హక్కు చట్టం ఇచ్చింది. కానీ వాడు ఇంట్లోకొచ్చాడని సాక్ష్యమేదమ్మా? ఉన్నదొక్కటీ నువ్వే తుడిచేశావు. క్షమాపణ చెప్తే రాజీకొస్తానంటున్నాడు. లేకపోతే జైలే" అని అరిచాను.

"తప్పొప్పుకుంటే రేపు పెతీవోడూ నా తలుపు తోత్తాడు. జైలుకే పోతాను గానీ ఆడికి దండం ఎట్టను పిలీడరు బాబూ."

పోనీ భయమేసి కొట్టానని చెప్పమన్నాను. దానికీ ఒప్పుకోలేదు. తల పట్టుకున్నాను.

మూడేళ్ల వాయిదాల తర్వాత మేజిస్ట్రేటు గారే అడిగారు. "ఇల్లెందుకు అలికావు? సాక్ష్యం చెరపడానికేనా?"

"పండక్కి ఇంట్లో ఇత్తనం ఎట్టి మొక్కుతాం బాబూ. ఆ ఇంట్లో నెత్తురు పడితే గింజ మొలవదు. పొద్దున్నే ఓపాలి అలికినాను. ఈడి నెత్తురు పడ్డాక మళ్లీ అలికినాను. ఈదిలో కొట్టుంటే నా ఇల్లు రెండోపాలి ఎందుకు అలుకుతాను?"

మూడేళ్లుగా లా పుస్తకాలు తిరగేశాను గానీ, ఎందుకు అలికావని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. నాకు సిగ్గేసింది. అప్పుడు సోములమ్మనే అడిగి తెలుసుకుని, రెండోసారి పేడ తెచ్చిచ్చిన పక్కింటి యర్రమ్మను ఆలస్యంగానైనా సాక్షిగా పిలిపించాను. ఇంట్లో నెత్తురు తన కళ్లతో చూశానని యర్రమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది.

తీర్పుకు ముందు మేజిస్ట్రేటు గారు సోములమ్మను మరొక్క మాట అడిగారు. "వాణ్ణి చూసి భయపడ్డావా?"

అవుననమని నేను కళ్లతో సైగ చేశాను. నన్ను చూసింది, చూసి తల తిప్పుకుంది.

"లేదు బాబూ. నా ఇంట్లో నాకు బయమేటి? బయం ఆడికుండాల."

కేసు కొట్టేశారు. కోర్టు మెట్ల మీద వరహాలరావు ఎదురొచ్చాడు. సోములమ్మ నడుస్తూనే ఉంది. వాడే పక్కకు తప్పుకున్నాడు.